మూలనపడ్డ టూ స్ట్రోక్ బండిని రోడ్డెక్కించడం: మొదటిసారి చేసేవారికి

పాత టూ స్ట్రోక్ బండి ఇంటికి రాగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) మీద పడతారు. ఐడిల్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి ఇంజిన్ వేగం) నిలవకపోతే ఒక స్క్రూ తిప్పుతారు, పొగ వస్తే ఇంకోటి తిప్పుతారు. వారం గడిచేసరికి అసలు లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టని స్థితికి బండి చేరుతుంది. నిజానికి కార్బొరేటర్ సర్దడం ఆఖరి పని. ముందు ఇంజిన్‌లోకి దొంగగాలి రాకుండా చూడాలి, తరువాత నిప్పురవ్వ సరైన క్షణంలో పడేలా చూడాలి, ఆ రెండూ కుదిరాకే పెట్రోలు సంగతి. ఈ వరుస తప్పితే ఎంత డబ్బు పోసినా బండి దారికి రాదు.

ఇక్కడ ఉదాహరణకు యమహా ఆర్‌ఎక్స్ 100ను తీసుకుంటున్నాను. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఈ బండికి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, పని తెలిసిన మేస్త్రీలు కూడా ఉన్నారు. బోరు (పిస్టన్ ఆడే గుండ్రటి గొట్టం) వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, సామర్థ్యం 98 సీసీ. నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన ఇంజిన్ దొరకదు: ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో ఉండేలాంటి వాల్వులు లేవు, వాటిని కదిపే క్యామ్ లేదు, కదిలే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాజ్‌దూత్, సుజుకీ మ్యాక్స్ 100, ఆర్‌ఎక్స్ 135 వంటి బండ్లకు కూడా ఇదే పద్ధతి, కొలతలు మాత్రం వేరు. కాబట్టి మీ బండి సర్వీస్ మాన్యువల్ ఒక ప్రతి ముందుగా సంపాదించండి.

కొనే ముందు

బండి కంటే ముందు ఆర్‌సీ చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. నంబరు చుట్టూ గ్రైండర్ గీతలుంటే, అక్కడ మాత్రమే కొత్త రంగు ఉంటే, ఎంత చౌకగా ఇస్తామన్నా వదిలేయండి. ఇంజిన్‌ను ఎన్నిసార్లయినా బాగుచేసుకోవచ్చు, దొంగ నంబరును బాగుచేయలేం. ఆర్‌ఎక్స్ 100 మీద మోజు పెరిగాక ధరలతో పాటు ఇలాంటి బండ్లూ పెరిగాయి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ ఉండాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవారి సంతకాలు డబ్బు చేతులు మారే రోజునే తీసుకోండి.

ఇంజిన్ సంగతికొస్తే, కిక్కు రాడ్డు మీద చేత్తో నొక్కి చూడండి. కంప్రెషన్ (బోరులో గాలి నొక్కుకునే బలం) ఉంటే రాడ్డు ఒకచోట బిగిసి, నెమ్మదిగా జారుతుంది. ఎక్కడా ఆగకుండా దిగిపోతే రింగులు, బోరు పని ఉన్నట్టే. ఎడమవైపు మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కవరు తీయనిస్తే మ్యాగ్నెట్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కదలిక తెలిసిందంటే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులు పోయాయి, ఇంజిన్ పూర్తిగా విప్పక తప్పదు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం ఆడండి.

స్టార్ట్ చేయాలనే తొందర వద్దు

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌కు ఒక్కసారిగా కిక్కు కొట్టకూడదు. బోరులో ఆయిల్ పొర ఆరిపోయి ఉంటుంది, రింగులు తుప్పుతో గాడిలో అతుక్కుని ఉండవచ్చు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రం గుండా రెండు మూడు చెంచాల 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడేది) పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండిని నాలుగో గేరులో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా తిప్పండి. కదలిక స్వేచ్ఛగా వచ్చాకే కిక్కు.

ఈలోగా ట్యాంకు విప్పండి. టార్చి వేసి చూస్తే అడుగున గోధుమరంగు పొడి కనిపించడం మామూలే. పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, నీళ్లతో కడిగి, నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు నింపి ఒక రోజు ఉంచితే పలుచని తుప్పు వదులుతుంది. తరువాత వంటసోడా నీళ్లతో కడిగి ఆమ్లాన్ని విరిచేయాలి. వెంటనే ఆరబెట్టి, కాస్త ఆయిల్ కలిపిన పెట్రోలు లోపలంతా అంటేలా తిప్పాలి. ఆలస్యం చేస్తే కడిగిన ట్యాంకు సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. పెట్రోలు కాక్ విప్పి లోపలి జాలీ, రబ్బరు వాషర్లు మార్చండి.

ఈ రబ్బర్ల మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండ్లు తయారైన నాటికి అలాంటి ఇంధనం లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలంలో నెలల తరబడి నిలవ ఉన్న ట్యాంకులో నీరు వేరుపడి అడుగున చేరుతుంది. అందుకే పెట్రోలు గొట్టం, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె రబ్బరు, కాక్ వాషర్లు అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్త రకంతో మార్చాలి. రెండు మూడు వారాలు నడపనప్పుడు కాక్ మూసి కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయాలి.

గాలి లీకు: అసలు పరీక్ష ఇదే

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో కింది గది ఆయిల్ నిలవ ఉండే చోటు మాత్రమే. టూ స్ట్రోక్‌లో అలా కాదు. పెట్రోలు గాలి మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి వచ్చి, పిస్టన్ దిగేటప్పుడు అక్కడ నొక్కుకుపోయి, పక్క దారుల గుండా బోరులోకి ఎక్కుతుంది. అంటే కింది గది కూడా ఒక పంపే. ఆ పంపుకు మూతలు క్రాంక్ రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్లు. ముప్పై ఏళ్ల వేడికి రబ్బరు రాయిలా గట్టిపడి పెదవి అరిగితే, మ్యాగ్నెట్ వైపు నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటు అందులో కలిసివచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి బోరుకు పట్టేస్తుంది. కొత్త పిస్టన్ వేయించిన నెలకే మళ్లీ పట్టేసిందని బాధపడేవారి బండ్లలో చాలావాటికి మూలం ఈ సీలే.

లక్షణాలు గుర్తుపట్టవచ్చు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉన్న ఐడిల్ వేడెక్కాక దానంతట అదే పెరుగుతుంది. క్లచ్ వైపు సీలు పోతే కథ వేరు: గేరు ఆయిల్ లోపలికి వచ్చి కాలుతుంది, తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతూ ఉంటుంది.

లక్షణాలను నమ్ముకోవడం కంటే కొలవడం మేలు. దీనికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు, పాత రక్తపోటు పరికరం చాలు. దాని రబ్బరు బంతి, గుండ్రటి మీటరు రెండూ పనికొస్తాయి. సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రానికి ట్యూబు రబ్బరు ముక్క పెట్టి రేకుతో బిగించండి. ప్లగ్గును దాని చోటే ఉంచండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించండి, అప్పుడు పై గది, కింది గది కలిసిపోతాయి. కార్బొరేటర్ తీసి, అది కూర్చునే రబ్బరు గొట్టంలో బిరడా బిగించి దాని గుండా గాలి పంపండి. ప్లగ్గు రంధ్రం నుంచి పంపితే రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలికి మాత్రమే వదిలే పలుచని రేకు) లోపలి ఒత్తిడికి మూసుకుపోయి, కార్బొరేటర్ రబ్బరు గొట్టం పరీక్షకు అందదు. ఆ గొట్టం పగుళ్లు కూడా తరచుగా లీకయ్యేవే. ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్నటి గొట్టాన్ని ఊడదీయకండి.

మీటరు 300 మిల్లీమీటర్ల పాదరసం చూపేవరకు నొక్కండి, ఇది సుమారు 6 పీఎస్ఐ. అంతకు మించి పెంచితే మంచి సీలే తిరగబడవచ్చు. నిమిషాల తరబడి ముల్లు దాదాపు అక్కడే నిలిస్తే ఇంజిన్ బిగువుగా ఉన్నట్టు. నిమిషానికి 50 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ జారుతుంటే సబ్బునీళ్లు తీసుకోండి. హెడ్ (ఇంజిన్ పై మూత) అంచు, బ్లాకు (బోరు ఉండే భాగం) కింది ప్యాకింగ్, రబ్బరు గొట్టం, మ్యాగ్నెట్ వెనకాల సీలు, ఒక్కొక్కచోట బ్రష్‌తో రాస్తూ పోతే బుడగలు కనిపిస్తాయి. ఎక్కడా బుడగ లేకుండా ముల్లు మాత్రం దిగుతుంటే గేరు ఆయిల్ పోసే మూత తీసి చెవి పెట్టండి. అక్కడ బుస్సుమంటే క్లచ్ వైపు సీలు.

మ్యాగ్నెట్ వైపు సీలు ఇంజిన్ విప్పకుండానే మార్చుకోవచ్చు. మ్యాగ్నెట్ ఊడదీయడానికి దాని మరలకు సరిపోయే పుల్లర్ వాడండి, సుత్తితో కొడితే క్రాంక్ వంకరపోతుంది. కొత్త సీలు పెదవికి గ్రీజు రాసి, అంతా సమానంగా దిగేలా సరైన కొలత సాకెట్‌తో నెమ్మదిగా నొక్కండి. సీలు కొనేటప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనా పేరున్న తయారీదే తీసుకోండి. ఈ ఒక్క వస్తువులో పొదుపు చేస్తే మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరు.

బ్లాకు విప్పాల్సి వస్తే

కంప్రెషన్ బలహీనంగా ఉంటేనే ఈ పని పెట్టుకోండి. హెడ్ నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. బ్లాకు పైకి లేపేటప్పుడు కింది గది నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్ను లాకు ఒకటి ఆ గదిలో పడిందంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

బోరు గోడ మీద నిలువు గీతలు గోటికి తగిలితే లేత్‌కు వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ పరిసరాల్లోనే కాదు, జిల్లా కేంద్రాల్లోనూ రీబోరు చేసేవారున్నారు. పిస్టన్ కొని, దాన్ని చేతికిచ్చి, దానికి సరిపోయేలా బోరు చేయమనాలి. అసలు కొలత 50 మిల్లీమీటర్లు, పెద్ద కొలతల పిస్టన్లు 0.25 చొప్పున పెరుగుతూ వస్తాయి. పిస్టన్‌కూ బోరుకూ ఎంత ఖాళీ ఉండాలో మాన్యువల్‌లో చూసి, ఆ అంకె కాగితం మీద రాసి ఇవ్వండి. ‘చేతి లెక్క’ మీద చేసే బోరు మనకు వద్దు.

బ్లాకు తిరిగి రాగానే ఒక పని చేయండి. లోపలి గోడలో పోర్టుల (మిశ్రమం, పొగ వచ్చిపోయే దారుల) కిటికీల అంచుల మీద వేలు ఆనించండి. బోరు చేసిన తరువాత ఆ అంచులు బ్లేడులా ఉంటాయి. రింగు ఆ కిటికీ దాటిన ప్రతిసారీ కాస్త బయటికి ఉబ్బుతుంది, పదునైన అంచుకు తగులుకుంటే విరుగుతుంది. సన్నటి ఆకురాయితోనో ఎమరీ కాగితంతోనో అంచులన్నీ కొద్దిగా గుండ్రం చేయాలి. ఫోర్ స్ట్రోక్ పనికి అలవాటుపడిన లేత్‌వారు తరచుగా మరిచేది ఇదే. తరువాత సబ్బు, వేడినీళ్లతో బ్లాకు కడిగి, తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా కడగండి.

పిస్టన్ తల మీద బాణం సైలెన్సర్ వైపు చూడాలి. రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొసలు దానికి ఇరువైపులా కూర్చోవాలి. పక్కకు జరిగి ఉండగా బ్లాకు దించితే రింగు పుటుక్కుమంటుంది. పిన్ను లాకులు ప్రతిసారీ కొత్తవే వేయండి.

సైలెన్సర్‌లో మసి పేరుకుని ఉంటే బండి పైవేగానికి అస్సలు ఎక్కదు. లోపలి సన్నటి గొట్టం బయటికి లాగి మసి గీకండి. శబ్దం కోసం సైలెన్సర్ కోయించుకునేవారికి ఒక మాట: టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఆకారం ఇంజిన్‌లో భాగం. బయటికి పోబోయే తాజా మిశ్రమాన్ని ఒత్తిడి తరంగంతో తిరిగి బోరులోకి నెట్టేది ఆ ఆకారమే. కోస్తే మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది.

నిప్పు

కొత్త ప్లగ్గు, కొత్త ప్లగ్గు క్యాప్ ముందుగా వేయండి. ప్లగ్గు నంబరు మాన్యువల్‌లో ఉన్నదే కావాలి. ఎక్కువ వేడి పట్టి ఉంచే రకం వేస్తే పిస్టన్ తల కరిగే ప్రమాదం ఉంది.

పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే చిన్న లోహపు ముఖాలు) ఉన్న బండి అయితే మ్యాగ్నెట్ కిటికీ గుండా అవి కనిపిస్తాయి. ముఖాలు నల్లబడితే సన్నటి ఆకురాయితో తుడిచి, తరువాత శుభ్రమైన కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఖాళీ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య నీలిరంగు మెరుపులు పెద్దగా వస్తుంటే కండెన్సర్ మార్చాలి.

ఆ తరువాత టైమింగ్. పాయింట్లు సరిగ్గా తెరుచుకోవడం మొదలయ్యే క్షణానికి మ్యాగ్నెట్ మీది గీత ఇంజిన్ మీది గీతకు ఎదురుగా రావాలి. పాయింట్ల మధ్య పలుచని సిగరెట్ కాగితం ఉంచి, దాన్ని మెల్లగా లాగుతూ మ్యాగ్నెట్‌ను చేత్తో తిప్పండి. కాగితం వదులైన చోటే పాయింట్లు తెరుచుకున్న చోటు. ఖాళీ పెంచితే నిప్పు ముందుగా పడుతుంది, తగ్గిస్తే ఆలస్యమవుతుంది. అందుకే ఎప్పుడూ ఖాళీ ముందు, టైమింగ్ తరువాత. నిప్పు మరీ ముందుగా పడితే బండి చురుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ పిస్టన్ వేడెక్కి పోతుంది.

ఆయిల్ పంపు

ఆర్‌ఎక్స్ 100లో 2టి ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంపు ఉంటాయి. యాక్సిలరేటర్ కేబుల్‌తో పాటే పంపు కేబుల్ కూడా లాగబడుతుంది. పూర్తిగా తెరిచినప్పుడో మూసినప్పుడో పంపు చక్రం మీది గుర్తు ఎక్కడ ఉండాలో మాన్యువల్ చెబుతుంది, దాని ప్రకారం కేబుల్ సర్దండి. పంపు మీది చిన్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేవరకు ఆయిల్ కారనివ్వాలి. గొట్టంలో ఒక్క బుడగ నిలిచినా ఆ కాసేపు పిస్టన్‌కు ఆయిల్ అందదు.

పంపు నిజంగా పని చేస్తోందని తేలేవరకు పెట్రోలులో కూడా లీటరుకు 20 మిల్లీలీటర్ల 2టి ఆయిల్ కలపండి. కొంత పొగ వస్తుంది, రానివ్వండి. ఆయిల్ ట్యాంకు మీద పెన్నుతో గీత గీసి, వంద కిలోమీటర్ల తరువాత మట్టం తగ్గిందో లేదో చూస్తే పంపు సంగతి తెలిసిపోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ దీనికి పూర్తిగా వేరు, క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి కాబట్టి బైకులకు ఉద్దేశించినదే పోయాలి.

ఇప్పుడు కార్బొరేటర్

విప్పి, ప్రతి జెట్టును (పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రపు మరను) వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుక అంత సన్నగా ఉంటుంది, గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. మూసుకుపోతే క్లీనర్‌లో నానబెట్టి గాలి ఊదండి. ఇనుప తీగ దూరిస్తే రంధ్రం పెద్దదై కొలత చెడుతుంది. జెట్ల మీది అంకెలు మాన్యువల్‌తో సరిచూడండి, పాత యజమానులు ఏవో మార్చి ఉండటం పరిపాటి.

ఎయిర్ స్క్రూను మెత్తగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదులు చేయండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్ కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పితే ఒకచోట వేగం అత్యధికంగా వినిపిస్తుంది. అక్కడ ఆపి, ఐడిల్ స్క్రూతో వేగం మామూలుకు తగ్గించండి. స్క్రూ ఎంత తిప్పినా తేడా తెలియకపోతే పైలట్ జెట్టు ఇంకా మూసుకునే ఉంది, లేదా గాలి లీకు మిగిలే ఉంది.

యాక్సిలరేటర్ ఎంత తెరిచినప్పుడు ఇబ్బంది వస్తుందో గమనిస్తే ఏ భాగం చూడాలో తెలుస్తుంది. మొదటి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ (మధ్యలో వేలాడే సూది). ఆపైన మెయిన్ జెట్టు. నీడిల్ లాకును ఒక గాడి కిందికి జరిపితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మిశ్రమం పలుచబడుతుంది కాబట్టి చాలా బండ్లకు ఈ ఒక గాడి మార్పు మేలు చేస్తుంది. మంచి దారిలో కాసేపు నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్గు చూడండి. లేత గోధుమరంగు బాగున్నట్టు, సున్నంలా తెల్లగా ఉంటే వెంటనే పెట్రోలు పెంచాలి. నల్లగా తడిగా ఉంటే తొందరేమీ లేదు, ఎక్కువ పెట్రోలు ఇంజిన్‌ను చంపదు.

ఎయిర్ ఫిల్టర్ లేకుండా ఈ సర్దుబాట్లేవీ చేయవద్దు, అది పెట్టగానే అన్నీ మారిపోతాయి.

ఆగడం, తిరగడం

పరుగుకు ముందు ఆగడం చూసుకోవాలి. రెండు డ్రమ్ములూ విప్పి బ్రేకు షూలు మార్చండి. పాత లైనింగ్ పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల గుర్తు ఉంటుంది: 2314 అంటే 2014లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా పదేళ్లు దాటిన టైరు తీసేయాల్సిందే. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ కేబుళ్లన్నీ ఒకేసారి కొత్తవి వేస్తే అయ్యే ఖర్చు తక్కువే. సెంటర్ స్టాండు మీద ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పితే మధ్యలో ఆగుతున్నట్టు తెలిస్తే స్టీరింగ్ బేరింగులు మార్చాలి. లైట్లు, హారన్, బ్రేకు లైటు పనిచేయాలి.

మొదటి ఐదు వందల కిలోమీటర్లు

కొత్త బోరు చేసి ఉంటే సగం యాక్సిలరేటర్ దాటవద్దు, ఒకే వేగంలో ఎక్కువసేపు పోవద్దు, బరువు ఎక్కించవద్దు. మొదటి ప్రయాణం తరువాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మాన్యువల్ చెప్పిన బిగువుకు మళ్లీ సరిచూడండి. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ మందగించి, గొంతు మారితే పిస్టన్ పట్టేయబోతోందన్నమాట. ఆలోచించకుండా క్లచ్ పట్టేయండి, లేకపోతే వెనక చక్రం జామ్ అవుతుంది. ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచుకోవడం పాత టూ స్ట్రోక్ నడిపేవారికి అలవాటు. పెట్రోలులోనే ఆయిల్ కలిపే బండి అయితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, ఇంజిన్‌తోనే వేగం ఆపుతూ రావద్దు. పెట్రోలు ఆగితే ఆయిల్ కూడా ఆగుతుంది. మధ్య మధ్య కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ బ్రేకులు వాడండి.

రవాణా శాఖ దగ్గరికి

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఆర్‌సీ గడువు ముగుస్తుంది. ఫారం 25తో దరఖాస్తు చేసి, బండి చూపించి, తనిఖీలో సరిపోతే ఐదేళ్లకు పొడిగిస్తారు. గ్రీన్ ట్యాక్స్ బాకీ, పాత చలాన్లు ముందే తీర్చండి. కనీసం థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కకూడదు. సైలెన్సర్ తయారీదారు ఇచ్చిన రకమే ఉండాలి, రంగు, ఇంజిన్ ఆర్‌సీలో ఉన్నట్టే ఉండాలి.

కాలుష్య పరీక్షంటే భయపడనక్కర్లేదు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9000 పీపీఎం వరకు అనుమతి ఉంది. సరిగ్గా సర్దిన ఇంజిన్ ఇందులో సులువుగానే గట్టెక్కుతుంది. వెళ్లే ముందు పది కిలోమీటర్లయినా నడిపి సైలెన్సర్‌లో నిలిచిన ఆయిల్ కాలిపోనివ్వండి, చోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. పరీక్షల రోజుల్లో పెట్రోలులో అదనంగా కలిపిన ఆయిల్ ఇంకా ట్యాంకులో ఉంటే, పంపు పనితీరు రుజువయ్యాకే దాన్ని నడిపి ఖాళీ చేసి, మామూలు పెట్రోలు పోయించుకుని వెళ్లండి.